శ్రావణం ఆర్డర్లకు ముందు కటింగ్ రేటు విషయంలో జాగ్రత్తలు

ఆషాఢం దాటితే గృహప్రవేశాల ముహూర్తాలు మొదలవుతాయి. కానూరు, పోరంకి, తాడేపల్లి వైపు పూర్తి కావొస్తున్న ఇళ్లకు గేట్లు, మెట్ల జాలీలు, నేమ్‌ప్లేట్లు అన్నీ ఒక్కసారే కావాలి. ఆ పనంతా వర్క్‌షాపులుండే మన విజయవాడ ఆటోనగర్ మీద పడుతుంది. ఈమధ్యే రేకు కోసే ప్లాస్మా మిషనో లేజర్ మిషనో పెట్టుకున్న కుర్రాళ్లు దెబ్బతినేది ఈ హడావిడిలోనే. చేతినిండా పని ఉంటుంది, నెలాఖరుకు మాత్రం ఈఎంఐకి అప్పు వెతుక్కుంటారు.

వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట, "కిలోకి ఎంత?" దానికి తొందరపడి జవాబు చెప్పకండి. కిలో లెక్క రేకుకు సరిపోతుంది గానీ కటింగ్‌కు సరిపోదు. 8 అడుగులు, 4 అడుగుల 2 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుప) షీటు దాదాపు 47 కిలోలు తూగుతుంది. దాన్ని నాలుగు సమాన పలకలుగా కోస్తే కోత 15 మీటర్లు దాటదు. అదే షీటులో 400 పువ్వుల జాలీ అడిగారనుకోండి. ఒక్కో పువ్వు చుట్టూ 30 సెంటీమీటర్లే వేసుకున్నా 120 మీటర్ల కోత. నిమిషానికి 4 మీటర్లు నడిచే మిషన్ మీద పలకల పని నాలుగు నిమిషాలు, జాలీ అరగంట. ఆపైన పియర్సింగ్, అంటే కోత మొదలుపెట్టడానికి రేకుకు కన్నం పొడవడం, 400 సార్లు. కోసే తల (టార్చి) లేచి, జరిగి, దిగి రేకును పొడవడానికి 3 సెకన్లు చొప్పున ఇంకో 20 నిమిషాలు. ప్లాస్మాలో టార్చి కొసన మార్చుకునే భాగాలు, నాజిల్, ఎలక్ట్రోడ్, ఎక్కువగా అరిగేది కూడా ఆ పొడిచే క్షణంలోనే. అందుకే డిజైన్ ఫైలు తెరిచి కోత మీటర్లు, పియర్సింగులు చూడకుండా ఫోన్లో రేటు చెప్పొద్దు. బిల్లులో రేకు వేరుగా, కటింగ్ వేరుగా రాయండి.

గంటకు మీ ఖర్చెంతో ముందే తేల్చుకోండి. అద్దె, ఈఎంఐ, ఆపరేటర్ జీతం, కరెంటు కలిపి నెలకు 90,000 అవుతుందనుకుందాం. రోజుకు 8 గంటలు, 25 రోజులని 200తో భాగిస్తే గంటకు 450 వస్తుంది. కానీ షీటు ఎక్కించడం, ఫైలు దిద్దడం, గిరాకీతో మాట్లాడటం పోగా మిషన్ నిజంగా కోసేది 4 గంటలే అయితే అసలు ఖర్చు గంటకు 900. లాభం ఆ తర్వాతి మాట. పక్క షెడ్డు రేటు చూసి రేటు పెట్టకండి. ఆయన మిషన్ అప్పు ఎప్పుడో తీరిపోయి ఉండొచ్చు.

డ్రాయింగ్ ఊరికే గీసివ్వకండి. ముఖ్యంగా తెలుగు నేమ్‌ప్లేట్లు. వాట్సాప్‌లో ఫొటో పంపి "ఇలాగే కొట్టు తమ్ముడూ" అంటారు. 'నిలయం' అని కోస్తే చివరి సున్నా లోపలి బిళ్ల రాలిపోయి వట్టి గుండ్రటి కన్నం మిగులుతుంది. మన అక్షరాల్లో చాలావాటికి ఇలా మూసుకున్న చుట్టలుంటాయి. ప్రతిదానికీ లోపలి బిళ్ల రాలకుండా పట్టి ఉంచే సన్నటి బ్రిడ్జి వదలాలి, అది అక్షరం అందం చెడగొట్టకూడదు. గంటో రెండు గంటలో కూర్చుని చేసే పని అది, దానికి డబ్బు అడగడానికి మొహమాటం వద్దు.

కస్టమర్ రేకు తెచ్చుకుంటే తుప్పు చూడండి, వెర్నియర్‌తో మందం కొలవండి. 14 గేజ్ (దాదాపు 2 ఎంఎం మందం) అని తెచ్చింది నిజంగా 2 ఎంఎం లేకపోవచ్చు. ముక్క పాడైతే నష్టం ఎవరిదో, స్క్రాప్ ఎవరిదో కోయకముందే కాగితం మీద ఉండాలి. రేకు మీదైతే ముక్క బరువుకు కాదు, దానికి వాడిన చదరం మొత్తానికి డబ్బు తీసుకోవాలి.

రేకు రేటు కదులుతూ ఉంటుంది కాబట్టి కొటేషన్ మీద ఎన్నాళ్ల వరకు చెల్లుతుందో రాయండి, రేకు డబ్బు పూర్తిగా అడ్వాన్సు తీసుకోండి. 18 శాతం జీఎస్టీ కలిపి చెబుతున్నారో, అదనమో ముందే చెప్పండి. ముహూర్తం తేదీకి మాటిచ్చే ముందు కోసిన ముక్కకు రంగు పూత వేసే పౌడర్ కోటింగ్ షాపుకు ఫోన్ చేయండి. శ్రావణంలో వాళ్ల దగ్గరా వరుస ఉంటుంది.