పనిచేసే చోటి నుంచి మిత్రులకు ఉత్తరం రాసే పద్ధతి

పురావస్తు పరిశోధన పనిమీద నెలల తరబడి ఊళ్లు తిరిగేవారు మిత్రులకు రాసేటప్పుడు ఎక్కడెక్కడికి వెళ్లారో వరసగా చెబుతారు గాని, అక్కడ ఏం చూశారో చెప్పరు. శ్రీకాకుళంలో కలిసి చదువుకొని తలోదిక్కుకు వెళ్లిన మేము ఐదుగురం నెలకొక ఉత్తరం రాసుకుంటాం. ఆ అలవాటు నేర్పిన సంగతులే ఇవి.

జ్ఞాపకాన్ని నమ్ముకోకండి. సాయంత్రం బసకు చేరగానే తేదీ, ఊరు, ఎండావానా, ఆ రోజు మాట్లాడిన మనుషులు, ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాకే భోజనానికి లేవండి.

ఉత్తరానికి నెల మొత్తంలో ఒక్క పనినే ఎంచుకోండి. "అనుమతి తీసుకొని శాసనానికి నకలు తీశాం" అని ముగిస్తే విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం చేసే మా మిత్రురాలికి ఏమీ కనిపించదు. రాతిని బ్రష్షుతో, నీళ్లతో శుభ్రంగా కడిగి, తడిపిన కాగితాన్ని దానిమీద పరచి, అక్షరాల గుంటల్లోకి కాగితం దిగేదాకా బ్రష్షుతో మొత్తి, తడి కొంచెం ఆరాక సిరా అద్దితే, చుట్టూ నల్లబడి అక్షరాలు మాత్రం తెల్లగా మిగులుతాయనీ, మధ్యలో గాలి లేస్తే కాగితం చిరిగి పని మళ్లీ మొదటికొస్తుందనీ రాస్తే, ఆమె కూడా ఆ రాతి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

ఏ చరిత్ర రాయాలో ఉత్తరం చదివే మనిషిని బట్టి ఎంచుకోవాలి. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఎక్కిన నెలలో నేను స్తూపాల కొలతలు రాయలేదు. ఆ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు గారేననీ, ముఖలింగం గుడిలోని శాసనాలు చదవడం ఆయన సొంతంగా నేర్చుకున్నారనీ రాశాను. తెలుగు మాస్టారుగా పనిచేస్తున్న మిత్రుడు ఆ భాగాన్ని తరగతిలో చదివి వినిపించాడట. నాకు అంతకంటే ఏం కావాలి?

కాపలా లేని చోట కనిపించిన విగ్రహం ఉనికిని మాత్రం ఎంత ఆప్తులకైనా రాయవద్దు. ఉత్తరం ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు, విగ్రహాల దొంగలకు ఊరి పేరు తెలిస్తే చాలు. భూమిలో దాగి ఉండి బయటపడిన, పది రూపాయలకు మించిన విలువగల వస్తువు గురించి 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. మిత్రులకు చెప్పడం ఆ తరువాతే.

అన్నిటికంటే ముఖ్యమైనది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. రామతీర్థం కొండల మీది ఇటుక కట్టడాల గురించి నాలుగు పుటలు ఉత్సాహంగా రాసి పంపిన వారమే ఒక మిత్రురాలి తల్లి మరణించారు. ఆవిడ జబ్బు గురించి అంతకుముందు ఉత్తరంలో ఒక్క వాక్యం ఉంది, నేను దానికి జవాబు రాయలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే రాయడానికి కూర్చునే ముందు నలుగురి పాత ఉత్తరాలూ ఎదురుగా పెట్టుకొని, ఎవరి పిల్లవాడి పరీక్ష ఏమైంది, ఎవరి బదిలీ ఎటు తేలింది, ఎవరింట్లో ఒంట్లో బాగాలేదు అని పేరుపేరునా అడుగుతూ మొదటి పుట నింపండి. ఒకరి ఇంటి విషయాన్ని మిగిలినవారికి చేరవేయాలంటే ముందు వారిని అడగండి. మీరు తవ్విన నేల కబుర్లు రెండో పుటలో మొదలుపెట్టవచ్చు.