పాముల్నీ కప్పల్నీ పోల్చుకోవడం – ఆరో పాఠం: ఇంకా కట్లపాము దగ్గరే

ఈసారి కప్పల గురించి రాస్తానని మాటిచ్చాను. కప్పలు చివర్లో వస్తాయి, అదీ కొంచెమే. అయిదో పాఠం చదివి మీరు పంపిన ఫొటోలు చూశాక కట్లపామును అలా వదిలేసి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు.

ముప్పైకి అటూ ఇటూగా వచ్చాయి. చాలావాటి కింద ‘కట్లపామేనా సార్?’ అని ఉంది. వాటిలో సగానికి పైగా, చూపుకి కట్లపాములా ఉండే విషం లేని వుల్ఫ్ స్నేక్‌లే. దాంతో నాకు పేచీ లేదు. వుల్ఫ్ స్నేక్‌ని కట్లపాము అనుకుని దూరం జరిగినవాళ్లకి పోయేదేమీ లేదు. నాకు నిద్ర లేకుండా చేసినవి రెండే ఫొటోలు. ఒకదానిలో చేటలో చుట్టుకుని ఉన్న జానెడున్నర పాము. ‘మీరు చెప్పినట్టే చూశాను, పట్టీలు మెడ దగ్గర్నుంచే ఉన్నాయి, అంటే వుల్ఫ్ స్నేకే కదా, మా అబ్బాయి చేత్తోనే చేటలోకి తోసి గోడవతల వేశాడు’ అని ఆవిడ రాశారు. అమ్మా, అది కట్లపాము పిల్ల. రెండోది ఒక కుర్రాడు పంపినది. వెన్ను మీది పొలుసులు బాగా కనపడాలని ఫోన్‌ని పాముకి అడుగు దూరంలో పెట్టి తీశాడు. పాము నిజంగానే కట్లపాము. ఫొటో అద్భుతంగా వచ్చింది. ఇంకెప్పుడూ అలా తీయకు నాయనా.

తప్పు నాదే. వుల్ఫ్ స్నేక్‌కి పట్టీలు మెడ దగ్గర మొదలై తోకవైపు పోయేకొద్దీ మాసిపోతాయనీ, కట్లపాముకి ముందు భాగంలో సరిగా ఉండక తోకవైపు తేటగా కనిపిస్తాయనీ రాసి, అక్కడితో ఆపేశాను. పెద్ద కట్లపాముల్లో చాలావాటికి అది నిజమే. కానీ పిల్లలకి పట్టీలు బాగా ముందు నుంచే ఉండొచ్చు. కొన్ని పెద్దవాటికి అసలు పట్టీలే ఉండవు, నిగనిగలాడే నల్లతాడులా ఉంటాయి. ఇటువైపు చూస్తే వుల్ఫ్ స్నేక్‌లలో కూడా గోధుమరంగుది ఒక్కటే కాదు, నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలున్న ఇంకో జాతి కూడా మన దగ్గర ఉంది. దాన్ని రాత్రిపూట టార్చి వెలుగులో చూస్తే నేనూ ఒక్క క్షణం ఆగుతాను. కాబట్టి అయిదో పాఠంలోని ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన ‘పెద్దవాటికి, అదీ తరచుగా’ అని రాసుకోండి.

వుల్ఫ్ స్నేక్‌కి తెలుగు పేరు చెప్పమని ఒకరు అడిగారు. ముందు పళ్లు కోరల్లా పెద్దవిగా ఉంటాయని ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టారు. తోడేలు పాము అని అనువదించి రాసేవాళ్లున్నారు గానీ, ఏ ఊళ్లోనూ ఎవరూ అలా అనగా నేను వినలేదు. ఊళ్లో దాన్నీ కట్లపామనే అంటారు, అనేసి కర్ర కోసం వెతుకుతారు. నేను వుల్ఫ్ స్నేక్ అనే రాస్తాను.

అసలు నాకు చిరాకు తెప్పించేది ఇంకోటి ఉంది. ప్రతి ఉత్తరంలోనూ ఏదో ఒక రూపంలో కనపడింది: ‘విషం ఉందో లేదో తేల్చే ఒక్క గుర్తు చెప్పండి చాలు.’

అలాంటి గుర్తు లేదు. మీరు విన్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూపిస్తాను. తల త్రికోణంగా ఉంటే విషం అంటారు. నాగుపాము తల త్రికోణం కాదు. కట్లపాము తల మెడకంటే వెడల్పుగా ఉన్నట్టే అనిపించదు. పిల్లిపాము అనే క్యాట్ స్నేక్ తల మాత్రం చక్కటి త్రికోణం. దాని విషం చాలా కొద్దిపాటిది, మనిషికి ప్రాణగండం కాదు. నీరుకట్టె కూడా కోపం వస్తే తల పలకలా పరిచి వెడల్పు చేస్తుంది. ఇక కంటిపాప. పిల్లి కంటిలా నిలువుగా చీలినట్టు ఉంటే విషం అంటారు. రక్తపింజరికి నిలువే, నిజం. క్యాట్ స్నేక్‌కీ నిలువే. నాగుపాముకి గుండ్రం. అయినా కంటిపాప కనపడేంత దగ్గరికి మీరెందుకు వెళ్లారు? ముదురు రంగు ఉంటే విషం అంటారు. జెర్రిపోతుల్లో ముదురువీ, పసుపు పచ్చటివీ, బూడిద రంగువీ అన్నీ ఉంటాయి, ఏ రంగుదైనా జెర్రిపోతే. తోక కింది పొలుసులు రెండు వరసలుగా కాకుండా ఒక్క వరసలో ఉంటే విషం అని ఇంకొందరు, కాస్త చదువుకున్నవాళ్లు, అంటారు. కట్లపాముకి ఒక్క వరసే. విషం లేని రెండు తలల పాముకీ ఒక్క వరసే. నాగుపాముకి రెండు వరసలు.

పాములు మన సౌకర్యం కోసం రెండు కుప్పలుగా విడిపోలేదు. నాగుపాము, కట్లపాము ఒక కుటుంబం. రక్తపింజరి, చిన్నపింజరి ఇంకో కుటుంబం. విషం తప్ప ఆ రెంటికీ పోలిక తక్కువ. అందుకే ‘విషముందా?’ అని అడగడం మానేసి ‘ఇది ఏ పాము?’ అని అడగాలి. జాతి తెలిస్తే విషం సంగతి దానంతట అదే తెలుస్తుంది. జాతి తెలియకపోతే నోట్సులో ‘తెలియదు’ అని రాయండి. నా పాత నోట్సుల్లో అయిదోవంతు ‘తెలియదు’లే. వాటిని చూసి నేనేమీ సిగ్గుపడను.

ఈ పోల్చుకోవడం అంతా ముచ్చటకి, చదువుకి. ఎవరినైనా పాము కరిస్తే మాత్రం పోల్చుకునే పని పెట్టుకోకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మన దేశంలో ఇచ్చే యాంటీవీనమ్, అంటే విషానికి విరుగుడు మందు, పైన చెప్పిన నాలుగు పాములకీ కలిపి చేసినదే. కట్లపాము కాటు దగ్గర నొప్పీ వాపూ లేకపోవచ్చు కూడా. నేలమీద పడుకున్న మనిషి తెల్లారుజామున కడుపునొప్పితో లేస్తే దాన్ని అజీర్తి అనుకున్న ఇళ్లున్నాయి.

సరే, పట్టీల్ని నమ్మకపోతే ఇంకేం చూడాలి? నేను చూసే వరస ఇది. మొదట ఎక్కడ ఉంది: కిటికీ గ్రిల్లు మీదో, గోడ పైభాగంలోనో ఉంటే వుల్ఫ్ స్నేక్ వైపు మొగ్గుతాను. అది బల్లుల కోసం గోడలెక్కుతుంది. కట్లపాము ఎక్కువగా నేలమీదే. తరవాత పొడుగు: మూడడుగులు దాటితే వుల్ఫ్ స్నేక్ కాదు. చిన్నది అయితే మాత్రం ఏమీ తేలదు, చేట ఫొటో గుర్తు తెచ్చుకోండి. ఆ తరవాత ఒళ్లు: కట్లపాముకి నూనె రాసినట్టు మెరుపు. అప్పుడు వెన్ను. వీపు మధ్యన తల నుంచి తోక దాకా ఒకే వరసలో, పక్కవాటికంటే పెద్దగా, తేనెపట్టు గదుల్లా ఆరు పలకల పొలుసులుంటే కట్లపాము. వుల్ఫ్ స్నేక్‌కి ఆ వరస ఉండదు, అన్ని పొలుసులూ ఒకే తీరు. ఈ ఆఖరి గుర్తు మిగతావాటికంటే గట్టిది. కానీ దీన్ని రెండు బారల దూరం నుంచి, జూమ్ వేసి తీసిన ఫొటోలో, ఇంటికొచ్చి కాఫీ తాగుతూ చూడాలి. ఫొటోలో సరిగా రాకపోతే ‘తెలియదు’. పాముని పట్టుకోవడం, సీసాలో పెట్టడం ప్రమాదమే కాదు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

నిజానికి ఈ పొలుసుల చదువుకి బతికున్న పాము అక్కర్లేదు. కుబుసం చాలు. కట్టెల మోపుల కింద, పాత ఇటుకల సందుల్లో, పశువుల పాకలో దొరుకుతుంది. మొదటి పాఠంలోనే దీంతో మొదలుపెట్టాల్సింది, మీరు బోరు కొట్టి పారిపోతారని భయపడ్డాను. చిన్న కర్రతో కదిపి చూసి, పక్కన దాని యజమాని లేదని తేలాకే తీయండి. కుబుసం లోపలి వైపు బయటికి తిరిగి వస్తుంది, సాగి పాముకంటే పొడుగ్గా ఉంటుంది. దాన్నిబట్టి పాము పొడుగు చెప్పేయకండి. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు వేస్తే మెత్తబడుతుంది, తెల్ల కాగితం మీద పరచుకోవచ్చు.

నడుం మధ్య భాగం తీసుకోండి. పొట్టకింది వెడల్పు పలకని ఆనుకుని ఉన్న పొలుసుని ఒకటిగా పెట్టుకుని, ఏటవాలుగా వెన్ను దాకా ఎక్కి, అటువైపు పొట్టపలక దాకా దిగుతూ లెక్కపెట్టాలి. పొట్టపలక లెక్కలోకి రాదు. కట్లపాముకి 15 వస్తాయి. గోధుమరంగు వుల్ఫ్ స్నేక్‌కి 17. నీరుకట్టెకి 19, ఒక్కో పొలుసు మధ్యలో గీత లేచి గరుగ్గా తగులుతుంది. రక్తపింజరికి 27 నుంచి 33 దాకా. మీకు 16 వచ్చిందంటే ఎక్కడో ఒకటి వదిలేశారు, లేదా మరీ తోకవైపు లెక్కపెట్టారు. కట్లపాముకి ఎనిమిదోది సరిగ్గా వెన్ను మీది ఆరు పలకల పొలుసు అవుతుంది. అక్కడ అది దొరికితే మీ లెక్క సరిపోయినట్టే.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండి, మన తీరంలోని పాముల్ని బొమ్మలతో సహా రాశాడు. మొదటి సంపుటం 1796లో అచ్చయింది. అందులో పాముల పేర్లు మనవాళ్లు చెప్పినవి చెప్పినట్టే దిగాయి. ఇప్పుడు ప్రపంచమంతా రస్సెల్ పేరుతో పిలిచే రక్తపింజరి అక్కడ ‘కాటుక రేకుల పొడ’. పొడ అంటే మచ్చ. దాని వీపు మీది మచ్చల నల్లటి అంచుని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు! పసుపు, నలుపు పట్టీల కట్లపాముని అప్పట్లో బంగారు పాము అనేవారు. 1803లో డోడాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కట్లపాముల ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి, పెట్టిన బుంగారస్ అన్న పేరు ఆ తెలుగు మాట నుంచి వచ్చిందే.

ఇక కప్పలు. టార్చి, బూట్లు, తోడు మనిషి గురించి మళ్లీ చెప్పను. ఈ వానలకి మూడింటిని పట్టించుకుంటే చాలు. కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథులు, ఒళ్లంతా బుడిపెలు, తలమీద నల్లటి గట్లు ఉంటే గోదురుకప్ప. గుడ్లు ముద్దగా కాకుండా దండల్లా పెడుతుంది. బాత్రూమ్ గోడకి అతుక్కుని, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలుంటే చెట్టుకప్ప. నీటి తొట్టి గోడకి వేలాడే తెల్లటి నురగముద్ద దాని గూడే, సబ్బు నురగ అనుకుని కడిగేయకండి. తొలి వానకి నిమ్మపండు రంగులోకి మారి, గొంతుకి రెండు పక్కలా నీలం బుడగలు ఊదుతూ అరిచేది పెద్ద బుల్‌ఫ్రాగ్ మగది. చెయ్యి వేయాలనిపిస్తే ఆపుకోండి. దోమల క్రీము రాసిన చేతితో అసలే వద్దు, కప్ప చర్మం అన్నిటినీ పీల్చేసుకుంటుంది.

అభ్యాసం. ఒక కుంట గట్టో, కాలవ పక్కో ఎంచుకుని, వరసగా పది సాయంత్రాలు, చీకటి పడ్డాక ఇరవై నిమిషాలు ఒకేచోట నిలబడండి. మొదటి పది నిమిషాలు టార్చి వేయకూడదు. వినపడ్డ ప్రతి అరుపునీ మీకు వినపడినట్టే తెలుగులో రాసుకోండి, ‘టక్ టక్’ అనో, ‘గిర్ర్’ అనో. పేరు రాయకూడదు, తెలిసినా సరే. వాన పడి ఎన్ని గంటలైందో, గాలి ఉందో లేదో, అరుపు నీళ్లలోంచి వచ్చిందా గట్టు మీంచా చెట్టు మీంచా అన్నదీ రాయండి. తొమ్మిది రోజులు చేసి పదో రోజు ఎగ్గొడితే మళ్లీ మొదటి నుంచి. ఏడో పాఠం మీ నోట్సుల మీదే నడుస్తుంది.

కుబుసం దొరికినవాళ్లు వరసల లెక్క కూడా పంపండి. దాచుకునేటట్టయితే పూర్తిగా ఆరాకే కవర్లో పెట్టండి, తడిమీద పెడితే బూజు పడుతుంది.