చట్టం రాసే బల్ల దగ్గరికి: విధాన న్యాయవాదిగా పనిచేయాలనుకునేవారికి

కోర్టు న్యాయవాది ఉన్న చట్టాన్ని పట్టుకుని వాదిస్తారు. విధాన న్యాయవాది మాత్రం ఆ చట్టం ముసాయిదాగా ఉన్నప్పుడే దాన్ని రాసేవారి దగ్గరికి వెళతారు. తెలుగువారిలో ఈ పనికి దారి వేసినవారెవరని అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, రాజ్యాంగ సభకు వెళ్లిన ఆవిడ అక్కడ చేసిన ఒక చిన్న పనిని ఈ వృత్తిలోకి రావాలనుకునేవారు దగ్గరగా చూడాలి. ఎగువ సభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లుగా ఉండాలన్న ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు, యువతకు అవకాశం ఇవ్వాలని ప్రసంగించి ఊరుకోకుండా, 35 అన్న చోట 30 అని ఉండాలంటూ సవరణ పెట్టారు. ఈ రోజు రాజ్యాంగం 84వ అధికరణం తెరిచి చూస్తే రాజ్యసభకు 30 ఏళ్లనే కనిపిస్తుంది.

కాబట్టి మొదట నేర్చుకోవలసింది అభ్యంతరాన్ని వాక్యంగా మార్చడం. మీ వినతిపత్రంలో ముసాయిదాలోని క్లాజును ఉన్నదున్నట్టుగా రాయండి. దాని వల్ల ఎవరికి, ఎలా ఇబ్బంది కలుగుతుందో రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. ఆ తర్వాత దాని బదులు ఉండవలసిన పాఠాన్ని, అధికారి యథాతథంగా ఎత్తి రాసుకోగలిగినంత శుభ్రంగా ఇవ్వండి. 'కమిటీని నియమించవచ్చును' అన్నదానికీ 'నియమించవలెను' అన్నదానికీ ఒక్క క్రియాపదమే తేడా. మొదటి మాట ప్రభుత్వానికి వెసులుబాటు ఇస్తుంది, రెండో మాట బాధ్యత పెడుతుంది. ఎన్నో పోరాటాలు చివరికి ఈ ఒక్క మాట దగ్గరే నెగ్గుతాయి, ఓడిపోతాయి.

రాసింది ఎవరికి ఇవ్వాలన్నది తర్వాతి ప్రశ్న. ఆ విషయం కేంద్ర జాబితాలో ఉందా, రాష్ట్ర జాబితాలోనా, ఉమ్మడి జాబితాలోనా అన్నది రాజ్యాంగం ఏడో షెడ్యూలులో చూసుకోకుండా ఎవరి తలుపూ తట్టకండి. కేంద్ర బిల్లులైతే, 2014లో ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. ఇది చట్టం కాదు, విధానం మాత్రమే కనుక ప్రతిసారీ పాటిస్తారన్న భరోసా లేదు, అయినా పాటించినప్పుడు ఆ 30 రోజులూ మీవే. బిల్లును శాఖల వారీగా పరిశీలించే ఎంపీల బృందానికి, అంటే పార్లమెంటు స్థాయీ సంఘానికి పంపితే మరో అవకాశం దొరుకుతుంది. అలాంటి సంఘాలు 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులు ఉంటారు. ఇవి బిల్లులపై అభిప్రాయాలు కోరుతూ ప్రకటనలిస్తాయి. వినతిపత్రం పంపేటప్పుడు, సంఘం ముందు స్వయంగా మాట్లాడే అవకాశం కూడా అందులోనే అడగండి. రాష్ట్ర శాసనసభల్లో బిల్లు పెట్టిన కొద్ది రోజుల్లోనే ఆమోదం పొందడం మామూలు. అక్కడ బిల్లు సభకు రాకముందే సంబంధిత శాఖ కార్యదర్శిని కలవాలి.

చట్టం గెజిట్‌లో వచ్చేసరికి సగం పనే అయినట్టు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే తీసుకోండి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలని ఆ చట్టం చెప్పింది. కానీ బండి ఎక్కడ పెట్టుకోవాలి, గుర్తింపు పత్రం ఎలా ఇవ్వాలి, ఖాళీ చేయించే ముందు ఏం చేయాలి అన్న వివరాలను రాష్ట్రాలు తయారుచేసే రూల్స్‌కూ పథకానికీ వదిలింది. పూలబండి పెట్టుకున్న ఆవిడ బతుకు నిజంగా తేలేది అక్కడే. యువ న్యాయవాదులు బిల్లుల మీద చూపే శ్రద్ధను రూల్స్ మీద చూపకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

శిక్షణ సంగతికొస్తే, 25 ఏళ్లలోపు పట్టభద్రులకు, చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ మంచి ప్రవేశం. ఎంపికైనవారు ఒక ఎంపీ దగ్గర నెలల తరబడి పార్లమెంటు పనిలో సహాయం చేస్తారు. ఒక సంగతి మాత్రం ముందే తెలుసుకోండి: బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం పూర్తికాలపు జీతం ఉద్యోగంలో చేరినవారు ఆ కాలంలో న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. సంస్థల్లో విధాన విభాగం ఉద్యోగానికి ఒప్పుకునే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

అమెరికాలో లాబీయిస్టులు, అంటే ఫీజు తీసుకుని ఇతరుల తరఫున చట్టసభలనూ అధికారులనూ ఒప్పించేవారు, తమ క్లయింట్ల వివరాలు వెల్లడించి నమోదు చేసుకోవాలని 1995 నాటి చట్టం ఉంది. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అందుకే ఆ క్రమశిక్షణ మీరే పెట్టుకోవాలి. ఎవరి తరఫున వచ్చారో, ఫీజు ఎవరిస్తున్నారో మొదటి సమావేశంలోనే చెప్పండి. అధికారికి పండక్కి బహుమతి పంపే అలవాటు జోలికి పోకండి. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇవ్వడమే నేరం.

ఎంత కాలం పడుతుందని అడుగుతారు. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాల గురించి తెలుసుకుని వచ్చిన దుర్గాబాయి, మనకూ కుటుంబ న్యాయస్థానాలు కావాలని నెహ్రూతోనూ న్యాయమూర్తులతోనూ మాట్లాడారు. ఆ చట్టం 1984లో వచ్చింది, ఆవిడ 1981లోనే కన్నుమూశారు. లోక్‌సభ రద్దయితే అందులో పెండింగులో ఉన్న బిల్లులు కాలం చెల్లిపోతాయి, అదే విషయం కొన్నేళ్ల తర్వాత కొత్త నంబరుతో తిరిగి రావచ్చు. కనుక మీరిచ్చిన ప్రతి వినతిపత్రానికీ తేదీ వేసి, అందినట్టు ఇచ్చిన రసీదును దానికే జతచేసి, విషయాల వారీగా ఫైలులో పెట్టుకోండి.