పాత వెస్పా, లాంబ్రెట్టా బండ్లను నలుగురు కలిసి ట్యూనింగ్ చేసుకోవడం ఎలా?

చేతక్‌ను పక్కకు వంచి, ఒక్క క్షణం ఆగి, నిలబెట్టి కిక్కు కొట్టడం మన నాన్నలకు పొద్దున పూజంత అలవాటు. ఆ బండి జాతకమే అంత అనుకునేవాళ్లం. నిజానికి వంచినప్పుడు కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె, అంటే ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలు కదిలి మామూలు కంటే కాస్త ఎక్కువగా లోపలికి వెళ్తుంది, మిశ్రమం చిక్కబడుతుంది. అంటే చోక్ చేయాల్సిన పని మనం నడుము వంచి చేస్తున్నామన్నమాట. చోక్ వైరు పట్టేసిందేమో, ఐడిలింగ్‌కు పెట్రోలు అందించే సన్న రంధ్రం, అదే స్లో జెట్‌లో చెత్త చేరిందేమో చూసుకుంటే ఆ వంచుడు తప్పుతుంది.

ఈ సంగతి నాకు తెలియడానికి పదకొండేళ్లు పట్టింది. పక్కింటి మాస్టారు తన బండితో వచ్చి కూర్చున్న రోజు పది నిమిషాల్లో తేలిపోయింది. తిరుపతిలో ఇప్పటి మెకానిక్ కుర్రాళ్లకు పాయింట్లు (తెరుచుకున్నప్పుడు స్పార్కు వచ్చేలా చేసే జత కాంటాక్టులు) సెట్ చేసే అవసరమే రాదు, వాళ్లను అని లాభం లేదు. పాత బండ్లున్నవాళ్లం ఒకరికొకరం సాయం చేసుకోవాలి. ఎలాగో ఇక్కడ చెప్తాను.

ముందు మీ బండి ఏ ఇంటిదో తెలుసుకోండి

మన చేతక్, ఎల్‌ఎంఎల్ వెస్పాలకు పుట్టిల్లు ఇటలీలోని పియాజియో. 1946లో వచ్చిన వెస్పాను గీసింది కొరాడినో దస్కానియో అనే విమాన ఇంజనీరు. ముందు చక్రాన్ని ఒకే పక్క నుంచి పట్టి ఉంచే పద్ధతి విమానాల నుంచి తెచ్చిందే. అందుకే స్టెప్నీ మార్చడం అంత సులువు. విజయ్ సూపర్‌ది ఇంకో వంశం. మిలాన్ దగ్గర ఇన్నొసెంటి కంపెనీ చేసిన లాంబ్రెట్టా యంత్రాలను మన ప్రభుత్వం కొని, 1972లో పెట్టిన స్కూటర్స్ ఇండియా ద్వారా లక్నోలో బండ్లు చేయించింది. ఈ రెండు వంశాల విడిభాగాలు ఒకదానికొకటి సరిపోవు. ‘స్కూటర్ క్లచ్ ప్లేట్లు’ అని మాత్రమే అడిగితే కొట్లో ఏదో ఒకటి చేతిలో పెడతారు. పాత భాగాన్ని వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి. తిరుపతిలో దొరకనివి చెన్నై పుదుపేటలో వెతకొచ్చు. నలుగురి చీటీలూ కలిపి ఒకరు పోయొస్తే సరిపోతుంది.

కింది కొలతలు పాయింట్లున్న 150 సీసీ వెస్పా రకానివి. తర్వాతి బండ్లలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది, వాటికి పాయింట్ల పని ఉండదు.

గుంపు, పనిముట్లు

ముగ్గురు నలుగురు చాలు. పదిమంది చేరితే కాఫీలవుతాయి గానీ పని కాదు. ఎండాకాలంలో పొద్దున ఆరుకే మొదలుపెట్టండి, పది దాటితే రేకు మీద చెయ్యి పెట్టలేం. గాలి ఆడే చోటు చూసుకోండి. పెట్రోలు తీసేటప్పుడు బీడీ, సిగరెట్టు, పక్కన అగరొత్తులతో సహా ఏదీ వెలగకూడదు.

మామూలు పానాలు అందరి దగ్గరా ఉంటాయి. ఉమ్మడిగా కొనాల్సినవి మూడు: సన్నటి సందులు కొలిచే రేకుల ఫీలర్ గేజ్, మాగ్నెట్ (ఇంజన్ పక్కన తిరుగుతూ కరెంటు పుట్టించే చక్రం) ఊడదీసే పుల్లర్, క్లచ్ నట్టు విప్పే పానా. పుల్లర్ లేదని మాగ్నెట్‌ను సుత్తితో కొట్టి ఊడదీసేవాళ్లను చూశాను. మాగ్నెట్ ఊడొచ్చే మాట నిజమే గానీ, ఆ దెబ్బకు క్రాంక్ షాఫ్ట్ పక్కకు తిరిగిపోయే ప్రమాదం ఉంది. పుల్లర్ ధర క్రాంక్ రిపేరు ముందు ఏ మూలకూ రాదు.

ఒకరు పని చేస్తారు, ఒకరు టార్చి పడతారు, ఒకరు నోటుబుక్కులో రాస్తారు. రాసేవాడి పని చిన్నదనుకోకండి. ఏ స్క్రూ ఎన్ని చుట్లు తిప్పారు, ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత అయింది అన్నీ రాయాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్లగ్గు, జెట్టు, టైమింగ్ మూడూ ఒకేసారి మార్చితే బండి బాగైనా ఎందుకు బాగైందో తెలీదు, పాడైతే అసలే తెలీదు.

కార్బురేటర్ మీద చెయ్యి వేయకండి

కనీసం మొదట్లో వేయకండి. బండి మొరాయించగానే అందరి చేతులూ స్క్రూడ్రైవర్‌తో అటే పోతాయి. మా గుంపుకొచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి జబ్బు స్పార్కులోనో, గాలి లీకులోనో ఉండేది. ముందు స్పార్కు, తర్వాత సీళ్లు, ఆ తర్వాతే కార్బురేటర్.

ప్లగ్గు విప్పి, దాని టోపీ తగిలించి, లోహం భాగాన్ని సిలిండర్ హెడ్‌కు ఆనించి కిక్కు కొట్టండి. ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది కాబట్టి ప్లగ్గును దానికి దూరంగా పట్టుకోండి. నీలం రంగులో చిటపటమని గట్టిగా రావాలి. పసుపుగా, నీరసంగా వస్తే పాయింట్లో, కండెన్సరో (పాయింట్లు కాలిపోకుండా కాపాడే చిన్న డబ్బా), కాయిలో చూడాలి. ప్లగ్గు గ్యాప్ 0.6 మిల్లీమీటర్లు.

ఇప్పుడు పాయింట్లు. మాగ్నెట్‌కు ఉన్న కిటికీలోంచి చూస్తూ దాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఆపి ఫీలర్ గేజ్ పెట్టండి. 0.3 నుంచి 0.5 మధ్య ఉండాలి, నేను 0.4 దగ్గర పెడతాను. గేజ్ బిగుసుకోకూడదు, వదులుగానూ ఆడకూడదు, వెన్న మీద కత్తిలా కొంచెం పట్టి జారాలి. మొహాలు నల్లబడి ఉంటే సన్నటి ఎమరీ పేపర్‌తో ఒక్కసారి రుద్ది, పెట్రోలు తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవండి. గుంట పడితే రుద్దొద్దు, కొత్తవి వేయండి. కామ్ మీద రుద్దుకునే ఫెల్ట్ ముక్కకు ఒక్క చుక్క నూనె చాలు. ఎక్కువైతే పాయింట్ల మీద చింది, మళ్లీ మొదటికొస్తుంది.

గ్యాప్ పెట్టాకే టైమింగ్, అంటే స్పార్కు ఏ క్షణంలో రావాలన్నది, ఎందుకంటే గ్యాప్ పెరిగితే టైమింగ్ ముందుకు జరుగుతుంది. ఇది ఇద్దరి పని. సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ముక్కను పాయింట్ల మధ్య పెట్టి ఒకరు మెల్లగా లాగుతూ ఉండాలి. ఇంకొకరు మాగ్నెట్‌ను ఇంజన్ తిరిగే వైపు, అంటే గడియారం ముల్లు దిశలో తిప్పాలి. మాగ్నెట్ మీది గుర్తు, కేసింగ్ మీది గుర్తు ఎదురుపడిన చోట కాగితం వదలాలి. గుర్తు దాటాక వదిలితే టైమింగ్ వెనకబడినట్టు. అప్పుడు మాగ్నెట్ తీసి, వెనక పాయింట్లు బిగించి ఉన్న స్టేటర్ ప్లేటు స్క్రూలు వదులు చేసి, ప్లేటును గడియారం ముల్లుకు ఎదురుగా కాస్త జరపండి. ముందే వదిలితే ప్లేటును గడియారం ముల్లు దిశలో జరపండి. స్క్రూలు వదులు చేసే ముందు ప్లేటూ కేసింగూ కలిసే చోట గీత గీసి పెట్టుకుంటే, చెయ్యి తప్పినా వెనక్కి రావచ్చు.

కండెన్సర్ గురించి వేరుగా చెప్పాలి, మనల్ని ఎక్కువగా ఏడిపించేది అదే. “అన్నా, ఊర్లో బాగానే తిరగతా ఉండాది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోతా ఉండాది, అర్ధగంట నీడలో పెడితే మళ్లీ లేస్తా ఉండాది” అని ఎవరైనా అంటే ముందు దాన్నే అనుమానించండి. చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కితే చేతులెత్తేయడం దాని గుణం. కాయిలు కూడా అలాగే చేస్తుంది, కానీ కండెన్సర్ చవక కాబట్టి అదే ముందు మార్చండి. ఒకాయన బండికి రెండు నెలలు కార్బురేటర్ విప్పి కడుగుతూనే ఉన్నాం. కడిగే సరికి బండి చల్లబడేది, లేచేది, మేం చేతులు దులుపుకుని కాఫీకి పోయేవాళ్లం.

పొగను, మోతను వినండి

ఆక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ మోత దిగకుండా పరిగెత్తుతుంటే, ప్లగ్గు తెల్లగా ఉంటే, ఎక్కడో గాలి లీకవుతున్నట్టే. కార్బురేటర్ కింది గాస్కెట్ చూడండి, తర్వాత మాగ్నెట్ వైపు ఆయిల్ సీల్. అలా వదిలేస్తే పిస్టన్ పట్టేస్తుంది. వెనక తెల్లటి చిక్కటి పొగ వస్తూ గేరు ఆయిల్ తగ్గుతుంటే క్లచ్ వైపు సీల్ పోయినట్టు, ఇంజన్ గేరు ఆయిల్ పీల్చి కాలుస్తోంది. సీళ్లు మార్చాలంటే ఇంజన్ విప్పాలి. అది ఆదివారం పొద్దుటి పని కాదు, తెలిసిన పాత మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లండి.

గేరు ఆయిల్ ఎస్‌ఏఈ 30, పావు లీటరు. ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడు పాతది దించి, లెవెల్ రంధ్రం నుంచి కారేదాకా కొత్తది పోయాలి.

పెట్రోలు, టూటీ ఆయిల్

ఇవి టూ-స్ట్రోక్ ఇంజన్లు, నూనెను (టూటీ ఆయిల్) పెట్రోలులోనే కలపాలి. వెస్పా రకానికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, అంటే 2 శాతం. ఐదు లీటర్లకు 100. కంటి అంచనా వద్దు, మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి డిక్కీలో పెట్టుకోండి. ‘ఇంకాస్త పోస్తే ఇంజన్‌కు మంచిది’ అని పోసేవాళ్లుంటారు, సైలెన్సర్ మసి పట్టి మూసుకుపోతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు ట్యూబు, కొళాయి రబ్బరు, ఫ్లోట్ సూది ఏటా ఒకసారి చూసుకోండి. వారం పైగా బండి తీయకపోతే, కొళాయి కట్టేసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయి ఇంజన్ ఆగేదాకా నడపండి.

ఇక కార్బురేటర్

విప్పి, జెట్లను గాలితో ఊది శుభ్రం చేయండి. ఇనుప తీగ దూర్చకండి, రంధ్రం పెద్దదవుతుంది. బిగించాక ఇంజన్‌ను నాలుగైదు కిలోమీటర్లు నడిపి వేడి చేయండి. వెనకవైపున్న మిక్చర్ స్క్రూను మెత్తగా మూసేదాకా తిప్పి, చుట్టున్నర బయటికి తీయండి. పై స్క్రూతో ఐడిలింగ్ కాస్త ఎక్కువ పెట్టి, మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజన్ బాగా తేలిగ్గా తిరిగే చోటు వెతకండి. ఈ రకం కార్బురేటర్‌లో బయటికి తిప్పితే పెట్రోలు ఎక్కువ, లోపలికి తిప్పితే తక్కువ. ఆ చోటు దొరికాక పై స్క్రూను మళ్లీ తగ్గించండి. చెవి మీద నమ్మకం లేకపోతే మీ గుంపులో సంగీతం తెలిసినవాళ్లను కూర్చోబెట్టండి, నవ్వులాటకు చెప్పడం లేదు. మా మాస్టారు మృదంగం వాయిస్తారు, పావు చుట్టు తేడా ఆయనకే ముందు వినబడుతుంది.

క్లచ్ లివర్‌కు రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలి. గేరు వైర్లు రెండు, వాటిని ఒక్కరే సరిచేయలేరు. ఒకరు పిడిని న్యూట్రల్‌లో కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు కింద బిగించాలి.

రోడ్డు మీద పరీక్ష

తిరుమల ఘాట్ మీద ప్రయోగాలు వద్దు. చంద్రగిరి దాటి రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్ దాకా పోతే బండి సంగతి తేలిపోతుంది. అది ప్రమాదకరమైన మలుపుల దారి కాబట్టి పొద్దున్నే, రెండు బండ్లు కలిసి, ఒకరి డిక్కీలో పనిముట్లు పెట్టుకుని వెళ్లండి. బయల్దేరే ముందు వెనక చక్రం నట్టు బిగువు, దాని స్ప్లిట్ పిన్ను చూడండి. ఘాట్ రాకముందే, వెనక వాహనాలు లేని తిన్నటి రోడ్డులో, మూడో గేరులో పూర్తి ఆక్సిలరేటర్ మీద ఒక అర కిలోమీటరు పోయి, క్లచ్ పట్టి, ఇంజన్ కట్టేసి, రోడ్డు పక్కన ఆగి ప్లగ్గు విప్పండి. ఫిల్టర్ కాఫీ రంగులో ఉంటే భేష్. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ లేదా గాలి లీకు. తెల్లగా ఉంటే ఎత్తు ఎక్కకుండా అక్కడి నుంచే వెనక్కి తిరగండి.

దిగేటప్పుడు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ ఇంజన్లకు నూనె పెట్రోలుతోనే అందుతుంది. ఆక్సిలరేటర్ పూర్తిగా వదిలి గేరులో చాలాసేపు దిగితే ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, నూనె మాత్రం అందదు. మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి ఆక్సిలరేటర్ ఇవ్వండి.

ఇంటికొచ్చి, ఇంజన్ చల్లారాక హెడ్ నట్లు, సైలెన్సర్ బోల్టు బిగువు చూసి, ప్లగ్గు రంగు, ఎన్ని కిలోమీటర్లు నడిచిందో నోటుబుక్కులో రాసి, బుక్కును వచ్చే ఆదివారం ఎవరి బండి వంతో వాళ్ల చేతికివ్వండి.