విజయనగరం కుర్రవాణ్ణి అమెరికా ఐస్ హాకీ శిబిరానికి సిద్ధం చేయడం ఎలా

వేసవి సెలవులకు పిల్లవాణ్ణి మేనమామ ఇంటికి పంపడం మనకు కొత్త కాదు. ఆ మేనమామ ఒకప్పుడు బొబ్బిలిలోనో టెక్కలిలోనో ఉండేవాడు, ఇప్పుడు మిషిగన్‌లోనో మిన్నెసోటాలోనో ఉంటున్నాడు, అంతే తేడా. అక్కడి బావలు మంచు మీద కర్రలు పట్టుకుని దూసుకుపోవడం వీడియో కాల్‌లో చూసి, పన్నెండేళ్ళ మా వాడు తానూ ఆ ఆట ఆడతానని పట్టుపట్టిన రోజున, విజయనగరంలోనే పుట్టి పెరిగిన నాకు ఐస్ హాకీ గురించి ఒక్క ముక్క తెలియదు. ఆ తరువాత ఏడాదిపాటు మేము చేసిన ప్రయత్నాలలో ఉపయోగపడినవాటిని, మా పొరపాట్లతో సహా, అమెరికా విశ్వవిద్యాలయాలలో బాలురకు జరిగే వేసవి ఐస్ హాకీ శిబిరాలకు పిల్లలను పంపదలచిన మన జిల్లాల తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ముందు కాళ్ళు, తరువాత కర్ర అన్నదే ఇందులో అసలు సంగతి. శిబిరంలో చేరే నాటికి పిల్లవాడు మంచు మీద నిలబడి, ముందుకు సాగి, ఆగగలిగితే మిగిలినవి అక్కడివారు నేర్పుతారు. నిలబడటమే రాకపోతే, మనం కట్టిన రుసుము వాడు గోడ పట్టుకుని నడవడానికే సరిపోతుంది.

విశ్వవిద్యాలయ శిబిరం అంటే ఏమిటి

మిషిగన్, మిన్నెసోటా, విస్కాన్సిన్, నార్త్ డకోటా, పెన్ స్టేట్ వంటి విశ్వవిద్యాలయాలకు పేరున్న ఐస్ హాకీ జట్లు ఉన్నాయి. పోటీలు ప్రధానంగా శీతకాలంలో జరుగుతాయి కనుక, ఇటువంటి చోట్ల వేసవిలో జట్టు శిక్షకులు బాలురకు కొద్ది రోజుల నుంచి వారం దాకా శిబిరాలు పెడుతుంటారు. కొన్నింటిలో పిల్లలు విద్యార్థుల వసతిగృహంలోనే ఉండి అక్కడి భోజనశాలలో తింటారు. కొన్నింటికి ఉదయం దింపి సాయంత్రం తీసుకురావాలి. మొదటిసారి వెళ్ళే పిల్లవాడికి, చుట్టాల ఇల్లు దగ్గరలో ఉంటే, ఈ రెండవ రకమే మేలని నా అభిప్రాయం. ఒంటి నొప్పులతో ఇంటికి వచ్చి, అత్త చేతి పెరుగన్నం తిని పడుకున్న వాడు మరునాడు హుషారుగా లేస్తాడు.

విశ్వవిద్యాలయం అన్న మాట వినగానే మనవాళ్ళ మనసు సీటు మీదికి పోతుంది. మా బంధువుల్లో ఒకాయన, శిబిరానికి వెళ్తే రేపు అక్కడ ఇంజినీరింగ్‌లో ఏమైనా కలిసి వస్తుందా అని అడిగారు. కలిసి రాదు. అమెరికా కళాశాల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం ఇటువంటి శిబిరాలలో అడిగిన వారందరికీ ప్రవేశం ఇవ్వాలి, సంఖ్య, వయసు, తరగతి, బాలురా బాలికలా అన్నవాటిని బట్టి మాత్రమే పరిమితి పెట్టవచ్చు. అంటే రుసుము కట్టి చేరడం ఎంపిక కావడం కాదు. పైగా అక్కడి విశ్వవిద్యాలయ జట్లలో ఆడేవారిలో ఎక్కువమంది చిన్ననాటి నుంచి ఆడి, పాఠశాల ముగిశాక కూడా ఒకటి రెండేళ్ళు జూనియర్ లీగులలో గడిపి వచ్చినవారు. శిబిరాన్ని ఆట నేర్చుకునే ఒక వారంగా చూస్తే పిల్లవాడి మీద బరువు ఉండదు.

శిబిరాన్ని ఎంచుకునేటప్పుడు పేరు కంటే స్థాయిని చూడాలి. కొన్ని శిబిరాలు ఇప్పటికే జట్లలో ఆడుతున్న పిల్లలకు మాత్రమే ఉద్దేశించినవై ఉంటాయి. నిర్వాహకులకు రాసే ఉత్తరంలో మొహమాటపడకుండా, మా వాడికి చక్రాల స్కేటింగ్ ఇన్ని నెలలు వచ్చు, మంచు మీద ఇన్ని రోజులే అనుభవం ఉంది, వీడిని ఏ బృందంలో వేస్తారు అని స్పష్టంగా అడగాలి. గొప్పగా చెప్పి చేర్పిస్తే ఆ గొప్ప మొదటి అరగంటలోనే బయటపడుతుంది, సిగ్గుపడవలసి వచ్చేది పిల్లవాడే. వయసుకు సంబంధించి మరొక ముఖ్యమైన విషయం ఉంది. అమెరికాలో ఈ ఆటను నడిపే యూఎస్ఏ హాకీ సంస్థ నియమాలలో 12 ఏళ్ళలోపు విభాగం వరకు బాడీ చెకింగ్, అంటే ఎదుటివాడిని ఒంటితో ఢీకొట్టడం, నిషిద్ధం. 14 ఏళ్ళలోపు బాలుర విభాగం నుంచి దానికి అనుమతి ఉంటుంది. కొత్తగా నేర్చుకునే పదమూడేళ్ళ కుర్రవాడిని చేర్చేటప్పుడు శిబిరంలో ఢీకొట్టడం ఉంటుందా లేదా అని తప్పక తెలుసుకోవాలి.

సెలవులు, కాగితాలు

మన సెలవులకూ వాళ్ళ సెలవులకూ పొత్తు కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాలలు ఏప్రిల్ చివర మూతపడి జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి. అమెరికాలో పిల్లలకు సెలవులు మే చివరి నుంచి జూన్ మధ్యకు మొదలవుతాయి కాబట్టి హాకీ శిబిరాలలో ఎక్కువ భాగం జూన్ మధ్య నుంచి ఆగస్టు వరకు జరుగుతాయి. అందువల్ల జూన్‌లో తొలి వారాలలో ఉండే శిబిరాన్ని వెతుక్కుని, ప్రధానోపాధ్యాయుల అనుమతి ముందుగానే రాతపూర్వకంగా తీసుకోవాలి. పదవ తరగతిలోకి వెళ్ళే పిల్లవాడి విషయంలో మాత్రం ఈ ఆలోచన ఒక ఏడాది వాయిదా వేయమంటాను.

మైనరు పాస్‌పోర్టుకు సాధారణంగా తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి, దాని గడువు అయిదేళ్ళు లేదా పద్దెనిమిది నిండే వరకు, ఏది ముందైతే అది. పర్యాటక వీసా అయిన బీ-2 మీద, డిగ్రీకి లెక్కలోకి రాని వినోద శిక్షణలో కొద్ది రోజులు చేరడానికి వీలుంది. మన ప్రాంతం వారికి ఇంటర్వ్యూ హైదరాబాదు కాన్సులేట్‌లో జరుగుతుంది. 2025 సెప్టెంబరు నుంచి 14 ఏళ్ళలోపు పిల్లలకు కూడా సాధారణంగా ఇంటర్వ్యూ తప్పడం లేదు కాబట్టి పిల్లవాడిని వెంట తీసుకువెళ్ళాలి. అక్కడ అడిగితే ఉన్నది ఉన్నట్టు, మామయ్య ఇంటికి వెళ్తున్నాను, ఒక వారం హాకీ శిబిరంలో చేరతాను అని వాడే చెప్పాలి. తాతయ్యతోనో, తల్లిదండ్రులలో ఒక్కరితోనో ప్రయాణం చేస్తే నోటరీ చేయించిన సమ్మతి పత్రం దగ్గర ఉంచుకోవాలి. శిబిరానికి కట్టే బయానా చాలాచోట్ల తిరిగి రాదు కనుక వీసా చేతికి వచ్చే వరకు డబ్బు పంపవద్దు. వైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య పత్రం, టీకాల వివరాలు అడుగుతారు. ప్రయాణ బీమా పత్రంలో క్రీడలలో తగిలే దెబ్బలకు వర్తిస్తుందో లేదో చిన్న అక్షరాలతో సహా చదవాలి.

ఇక్కడే మొదలుపెట్టవలసిన సాధన

విజయనగరంలో మంచు లేదు, కానీ సిమెంటు ఉంది. కనీసం ఆరు నెలల ముందు ఇన్‌లైన్ స్కేట్లు, అంటే నాలుగు చక్రాలూ ఒకే వరుసలో ఉండేవి, కొనివ్వాలి. రెండేసి చక్రాల పాత పద్ధతి స్కేట్ల మీద నేర్చుకున్నా పనికి వస్తుంది గాని, మంచు స్కేటు అడుగున ఉండే ఇనుప బ్లేడు మీద నిలబడే తీరుకు ఇన్‌లైన్ దగ్గర. మా వాడు పాఠశాల బాస్కెట్‌బాల్ కోర్టులో పొద్దున్న అయిదున్నరకు మొదలుపెట్టి, ఎండ ఎక్కకముందే ముగించేవాడు. ఇసుక రేణువులు చక్రాలలో చిక్కుకుంటే పిల్లవాడు ముందుకు బోర్లా పడతాడు కాబట్టి ముందు చీపురు పట్టి కోర్టు ఊడ్చుకోవడం కూడా సాధనలో భాగమే అయింది.

హాకీలో నిలబడటం అంటే నిటారుగా నిలబడటం కాదు. మోకాళ్ళు వంచి, కూర్చోబోయి ఆగినట్టుగా, ఛాతీ ఎత్తి, చూపు ముందుకు ఉంచాలి. ఈ భంగిమకు మన గుంజీలను మించిన సాధన లేదు. రోజుకు ఇరవైతో మొదలుపెట్టించి, గుంజీ మధ్యలో పది అంకెలు లెక్కపెట్టే వరకు ఆపితే తొడలకు అసలు పని తెలుస్తుంది. తరువాత ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోమన్నాము. వాళ్ళ నాయనమ్మ, ఇదేం హాకీరా, కొంగ జపం, అనేది. స్కేటింగ్‌లో ప్రతి అడుగులోనూ శరీరం బరువంతా ఒక్క కాలి మీదే ఉంటుంది కనుక ఆ కొంగ జపమే తరువాత అక్కరకు వచ్చింది.

పడటం కూడా నేర్పాలి. వెనక్కి కాక పక్కకు, తుంటి మీద పడాలి, పడగానే వేళ్ళు ముడిచి గుప్పిళ్ళు పెట్టాలి, ఎందుకంటే మంచు మీద పక్కవాడి బ్లేడు ఎటు నుంచి వస్తుందో తెలియదు. లేచేటప్పుడు రెండు మోకాళ్ళ మీదికి వచ్చి, ఒక పాదం ముందుకు పెట్టి, ఆ మోకాలి మీద రెండు చేతులూ ఆనించి పైకి నెట్టుకోవాలి. ఇంటి గచ్చు మీద వట్టి కాళ్ళతోనే దీన్ని యాభైసార్లు చేయించవచ్చు.

చక్రాల మీద నేర్చుకోలేనిది ఆగడం. మంచు మీద కాలి వేళ్ళను లోపలికి తిప్పి, మడమలను బయటికి నెడితే బ్లేడు మంచును గీరుతూ ఆగుతుంది. సిమెంటు మీద చక్రాలు అలా జారవు. అందుకని శిబిరానికి కనీసం పది రోజుల ముందు అక్కడికి చేరి, ఊరి రింకులో, అంటే స్కేటింగ్ కోసం మంచు పరిచిన ఆవరణలో, కొత్తవారికి జరిగే లెర్న్ టు స్కేట్ తరగతులకో, అందరికీ తెరిచి ఉంచే వేళలకో తీసుకువెళ్ళడం అత్యవసరం. ఆర్థిక వెసులుబాటు ఉన్నవారు ముందే మన దేశంలో కొన్ని రోజులు మంచు చూపించవచ్చు. గురుగ్రామ్‌లో ఒక మాల్‌లో చిన్న రింకు, 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం దెహ్రాదూన్‌లో కట్టిన హిమాద్రి రింకు ఉన్నాయి. లేహ్, శిమ్లాల పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి గాని, అక్కడి సహజమైన మంచు చలికాలంలోనే దొరుకుతుంది.

కర్ర సాధనకు టెన్నిస్ బంతి, నున్నని గచ్చు చాలు. క్రికెట్‌లో కుడిచేతి వాటంగా బ్యాటు పట్టేవాడి కుడిచేయి కిందికి ఉంటుంది, ఐస్ హాకీలో అటువంటి పట్టుకు కుడివైపు వంపు ఉన్న కర్ర కావాలి. కొనేటప్పుడు పిల్లవాడిని బ్యాటు పట్టినట్టు పట్టమంటే అంగడివానికి సంగతి తెలిసిపోతుంది. వట్టి కాళ్ళతో నిలబడినప్పుడు కర్ర ముక్కు దాకా, స్కేట్లు వేసుకున్నప్పుడు గడ్డం దాకా రావాలి.

సామగ్రి, మేము చేసిన పొరపాటు

హెల్మెట్, దానికి ముఖం మీది జాలీ, పళ్ళ రక్షణకు మౌత్‌గార్డు, భుజాలు, మోచేతులు, మోకాళ్ళ కవచాలు, చేతితొడుగులు, మెత్తలు కుట్టిన నిక్కరు, లోపల గజ్జల రక్షణకు కప్పు, ఇవన్నీ కావాలి. మెడ పట్టీ కూడా తప్పనిసరి. 2023లో ఇంగ్లండులో జరిగిన ఒక ఆటలో బ్లేడు మెడకు తగిలి ఆడం జాన్సన్ అనే క్రీడాకారుడు మరణించాడు. 2024 ఆగస్టు 1 నుంచి యూఎస్ఏ హాకీ పిల్లల విభాగాలన్నింటిలో మెడ రక్షణను నిర్బంధం చేసింది. హెల్మెట్, మౌత్‌గార్డు, కప్పు కొత్తవి కొని, మిగిలినవి అక్కడ వాడినవి తక్కువ ధరకు కొనుక్కోవచ్చు, బావల అటక మీద వెతికినా దొరుకుతాయి. ఇక్కడి నుంచి ఏదీ మోసుకుపోనక్కరలేదు.

స్కేట్ల దగ్గర మేము దెబ్బతిన్నాము. జూన్‌లో బడి బూట్లు కొనేటప్పుడు, పెరిగే కాలు కదా అని ఒక సైజు ఎక్కువ కొనడం మన ఇళ్ళలో ఉన్న అలవాటే. నేను అదే తెలివితో, బూటు సైజు 4 అయితే స్కేటు 5 తీసుకోమని మా బావమరిదికి ఫోనులో చెప్పాను. నిజానికి హాకీ స్కేటు సాధారణంగా బూటు కంటే ఒకటి లేదా ఒకటిన్నర సైజు తక్కువ ఉండాలి. మడమ కదలకూడదు, నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు భాగాన్ని కొద్దిగా తాకాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. వదులు స్కేట్లలో మా వాడి చీలమండలు లోపలికి ఒరిగిపోయి, రెండవ రోజుకే మడమల మీద రూపాయి బిళ్ళంత బొబ్బలు లేచాయి. అదృష్టవశాత్తూ అది శిబిరానికి ముందు వారం కాబట్టి మార్పించగలిగాము. కొన్న వెంటనే బ్లేడుకు పదును పెట్టించాలన్న సంగతి కూడా మాకు అప్పుడే తెలిసింది. తాళ్ళు కట్టేటప్పుడు వేళ్ళ దగ్గర కొంచెం వదులుగా, పాదం వంపు దగ్గర, చీలమండ దగ్గర బిగించి కట్టాలి. దీన్ని పిల్లవాడే చేసుకునేటట్టు ఇంట్లో అలవాటు చేయాలి, ఎందుకంటే ముప్ఫై మంది పిల్లలున్న గదిలో ఎవరూ వచ్చి కట్టరు.

రింకులో గడిపే రోజులు

అక్కడి ప్రామాణికమైన రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది, విస్తీర్ణంలో పన్నెండు కబడ్డీ కోర్టులకు సమానం. జట్టుకు గోలీతో, అంటే గోలు కాసేవాడితో, కలిపి ఆరుగురే ఆడతారు కాబట్టి పరుగు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. బయట ఎండ కాస్తున్నా లోపల చలిగా ఉంటుంది కనుక తల్లిదండ్రులు కూర్చోవడానికి స్వెటరు తీసుకువెళ్ళాలి. ఆడే పిల్లవాడు మాత్రం చెమటతో తడిసిపోతాడు, చలిలో దాహం తెలియదు కాబట్టి విరామం దొరికినప్పుడల్లా నీళ్ళు తాగమని ముందే చెప్పి ఉంచాలి. శాకాహారులైతే ఆ సంగతి దరఖాస్తులోనే రాయాలి. తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినట్టుగా ఉంటే, ఆట పోతుందని దాచకుండా వెంటనే శిక్షకుడికి చెప్పాలని ఒకటికి రెండుసార్లు చెప్పాలి. దుస్తులు మార్చుకునే గదిలో పెద్దల పర్యవేక్షణ ఎలా ఉంటుందో నిర్వాహకులను అడగడానికి సంకోచించవద్దు.

సాయంత్రం రాగానే సంచీలోని సామగ్రినంతా బయటికి తీసి ఆరబెట్టాలి, లేకపోతే మరునాటికి ఆ గదిలోకి ఎవరూ అడుగుపెట్టలేరు. బ్లేడును పొడి గుడ్డతో తుడిచి, మెత్తని గుడ్డ తొడుగు వేయాలి. గట్టి ప్లాస్టిక్ తొడుగు నడవడానికే గాని దాచడానికి కాదు, అందులో తేమ నిలిచి తుప్పు పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు స్కేట్లు తెచ్చుకోవాలని పిల్లవాడు ఏడ్చినా తేవద్దు. మన సముద్రపు గాలికి బ్లేడు పాడవుతుంది, మళ్ళీ వేసవికి ఆ సైజు పట్టదు. మా వాడివి వాళ్ళ చిన్న బావకు ఇచ్చేసి, కర్ర ఒక్కటి తెచ్చుకున్నాడు, ఇప్పుడు రోజూ సాయంత్రం డాబా మీద టెన్నిస్ బంతితో ఆడుతున్నాడు.