కాలనీ సంఘం నడపడం ఎలా? తీర్మానం రాయడం దగ్గరే అందరూ బోల్తా పడతారు

పదకొండేళ్లు కమిటీలో ఉన్నాను, అందులో ఏడేళ్లు సెక్రటరీగా. ఆ అనుభవం చూసి, ఈ మధ్య రెండు సంఘాల వాళ్లు "మా గొడవ కాస్త తేల్చి పెట్టండి" అని పిలిచారు. రెండుచోట్లా గొడవ డబ్బు గురించేనన్నారు. నేను లెక్కల జోలికి పోకుండా, మీటింగు నిర్ణయాలు రాసిపెట్టే మినిట్స్ పుస్తకం అడిగాను. ఒకచోట పుస్తకం పాత అధ్యక్షుడి ఇంట్లో ఉందట, ఆయన ఊళ్లో లేడట. రెండోచోట తెచ్చి చేతిలో పెట్టారు. ఏ పేజీ తిప్పినా ఒకటే వాక్యం: "సభ్యులు పలు విషయాలు చర్చించారు. అందరూ అంగీకరించారు." దేనికి అంగీకరించారో దేవుడికే తెలియాలి.

ఈ తప్పు చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. సంఘం నడపడం బ్రహ్మవిద్యేమీ కాదు. చాలా పనులు ఎవరైనా చేసేవే, వాటి గురించి గబగబా చెప్పేస్తాను. తీర్మానం దగ్గరకొచ్చాక మాత్రం నాతో పాటు కాస్త ఆగండి.

కావలసినవి

గట్టి అట్ట ఉన్న కుట్టు పుస్తకాలు రెండు: ఒకటి మినిట్స్‌కి, ఒకటి నగదు లెక్కకి. వరస నంబర్లు అచ్చువేసిన రసీదు పుస్తకం, ఓచర్లు, ఒక ఫైలు. సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా. ఇంటి నంబర్ల వారీగా సభ్యుల జాబితా. రిజిస్టర్ చేసిన బైలా, అంటే సంఘం నియమావళి, ప్రతి ఒకటి మీ దగ్గర ఉండాలి. కమిటీలో నిలబడేవాళ్లు దాన్ని ఒక్కసారైనా చదివి ఉండాలి. చదవనివాళ్లే మీటింగుల్లో ఎక్కువ మాట్లాడతారు.

మొదటి పని: కమిటీ

ఐదుగురు చాలు, ఏడుగురు దాటొద్దు. బైలాలో పదకొండు మంది అని ఉంటే సరే, పదకొండు మందినీ ఎన్నుకోండి, పని మాత్రం ఐదుగురికి పంచండి. పదిమందిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. మాక్సిమిలియన్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత బరువులు లాగించి ఇదే సంగతి కొలిచి చూపించాడు. 1913లో వచ్చిన ఆయన లెక్కల్లో, ముగ్గురు కలిసి లాగితే ఒక్కొక్కరి బలం ఒంటరిగా లాగినప్పటి దాంట్లో 85 శాతం. ఎనిమిది మందైతే సగం కూడా లేదు.

పని పంచేటప్పుడు "నీళ్ల సంగతి మీరంతా చూసుకోండి" అనొద్దు. నీళ్లకు ఒకరు, దీపాలకు ఒకరు, చెత్తకు ఒకరు. పక్కనే వాళ్లు ఊళ్లో లేనప్పుడు చూసే రెండో మనిషి పేరు. జీతం లేని పని కాబట్టి ఎవరినీ గద్దించలేం. కానీ పేరు రాసిపెట్టిన పనికి మనిషి మొహమాటానికైనా కదులుతాడు. ఇంకొకటి, ఎప్పుడూ ఫిర్యాదు చేసే మనిషికి ఫిర్యాదు చేసిన పనే అప్పగించండి. సగం మంది చేస్తారు, మిగతా సగం మంది నోరు మూసుకుంటారు. ఎటైనా లాభమే.

రెండో పని: డబ్బు

ఖాతా మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. వచ్చిన ప్రతి పైసా ముందు బ్యాంకులో పడాలి, ఖర్చు బ్యాంకు నుంచే వెళ్లాలి. వసూలైన నగదులోంచి నేరుగా కూలి ఇచ్చేసి "తర్వాత రాద్దాం" అనుకున్న రోజే లెక్క తప్పుతుంది. చిల్లర ఖర్చుకి ఒక మొత్తం విడిగా పెట్టి, అది అయిపోయాక ఓచర్లు చూపించి మళ్లీ నింపుకోవాలి. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌కీ నగదు పుస్తకానికీ పొంతన చూసి, ఆ ఒక్క పేజీ నోటీసు బోర్డు మీద అంటించండి. ఏటా కమిటీలో లేని మనిషి చేత ఆడిట్ చేయించండి. ఇంతే. ఇందులో కష్టమేమీ లేదు, బద్ధకమే ఉంది.

మూడో పని: నోటీసు, ఎజెండా

బైలాలో ఎన్ని రోజుల ముందు నోటీసు అని ఉంటే అన్ని రోజుల ముందు, రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్కరోజు తగ్గినా, ఓడిపోయిన వర్గం దాన్నే పట్టుకుంటుంది. ఎజెండాలో అంశాలు ఐదు మించకూడదు. డబ్బుతో ముడిపడ్డది మొదట, గేటు రంగు చివర. తలకిందులుగా పెట్టారో, రంగు మీద గంట గడిచిపోతుంది. రంగు మీద అందరికీ అభిప్రాయం ఉంటుంది మరి. "ఇతర విషయాలు" అని చివర ఒక అంశం పెడతారు చూడండి, అందులో డబ్బు ఖర్చయ్యే ఏ నిర్ణయమూ తీసుకోనివ్వకండి. నోటీసులో లేని ఖర్చు మీద ఓటేయడమంటే, రాని సభ్యుల జేబులో వాళ్లకు తెలియకుండా చెయ్యి పెట్టడమే.

నాలుగో పని: తీర్మానం

ఇక్కడ ఆగండి.

నేను సెక్రటరీ అయిన మొదటి ఏడాది నీళ్ల మోటారు కాలిపోయింది. మీటింగు పెట్టాం. పాతది బాగు చేయిద్దామని కొందరు, కొత్తది కొందామని కొందరు. గంటన్నర అరుచుకున్నాక వెనకనుంచి ఎవరో "సరే, కానివ్వండి" అన్నారు. అందరూ లేచి కుర్చీలు మడిచేశారు. నేను ఇంటికెళ్లి, భోజనం చేసి, పుస్తకం తీసి "మోటారు విషయమై తగు చర్యలు తీసుకొనుటకు అందరూ అంగీకరించిరి" అని రాశాను. గ్రాంథికంలో రాస్తే బరువుంటుందని అప్పట్లో నాకో భ్రమ.

తగు చర్యలంటే మా ట్రెజరర్ గారికి కొత్త మోటారు. కొన్నారు, బిల్లు కట్టారు. ఆరు నెలల తర్వాత జనరల్ బాడీలో, అంటే సభ్యులందరి సభలో, ఒకాయన లేచి, "ఎవర్నడిగి కొన్నారండీ?" అన్నాడు. పుస్తకం తెరిచాం. నేను రాసిన వాక్యంలో కొత్త అన్న మాట లేదు, కొనమన్న మాట లేదు, ఎంతలో అన్న లెక్క లేదు. ట్రెజరర్ గారు పెద్దాయన, పైసా తినే మనిషి కాదు. ఆ రాత్రే తాళాల గుత్తీ రసీదు పుస్తకాలూ తెచ్చి మా బల్ల మీద పెట్టి, "నాకెందుకు బాబూ ఈ వయసులో" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. తప్పంతా నా వాక్యంలో ఉంది.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది. దీన్ని మార్చొద్దు.

తీర్మానం ముసాయిదా మీటింగుకి ముందే రాసి ఉండాలి, మీటింగులో పుట్టకూడదు. అందులో ఐదు సంగతులు తేలాలి: ఏ పని, ఎంతకు మించకుండా, ఏ నిధి నుంచి, ఎవరి బాధ్యత, ఏ తేదీలోగా. అదే మోటారు గురించి ఇప్పుడైతే ఇలా రాస్తాను: "కాలిపోయిన మోటారు స్థానంలో అదే సామర్థ్యమున్న కొత్త మోటారు కొనాలి. మూడు కొటేషన్లు తీసుకుని, నాణ్యత సమానమైతే తక్కువ ధరది ఎంచుకోవాలి. బిగింపు ఖర్చుతో కలిపి మొత్తం ఇంత మించకూడదు. ఖర్చు మరమ్మతుల నిధి నుంచి. బాధ్యత ట్రెజరర్, నీళ్ల వ్యవహారాల సభ్యుడు. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా పూర్తి చేసి సభ్యులకు తెలియజేయాలి." 'ఇంత' అన్నచోట అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం రాయాలి. తగు, వీలైనంత, త్వరలో, అవసరాన్ని బట్టి: ఈ మాటల్లో ఏది కనిపించినా కొట్టేయండి.

ముసాయిదా చదివాక, ప్రతిపాదించేది ఎవరు, బలపరిచేది ఎవరు అని అడగండి. ఇద్దరి పేర్లూ ఇంటి నంబర్లతో రాయండి. బలపరిచే మనిషి దొరక్కపోతే దాని మీద చర్చే వద్దు, తర్వాతి అంశానికి పోండి. సగం గొడవలు ఇక్కడే రాలిపోతాయి.

చర్చలో ఎవరైనా మార్పు అడిగితే దాన్ని సవరణ అంటారు. ముందు సవరణ మీద ఓటు. అది నెగ్గితే తీర్మానంలో కలిపి మళ్లీ మొత్తం చదివి, అప్పుడు అసలు దాని మీద ఓటు. ఈ వరస తప్పితే, బయటికెళ్లాక ఒకడు సవరణకు ఓటేశానంటాడు, ఇంకొకడు అసలుకు వేశానంటాడు. ఇదంతా చాదస్తం అనిపిస్తే ఒక మాట చెప్తాను. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అని అమెరికా సైన్యంలో ఇంజినీరు. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక సభకు ఆయన్ని ఉన్నట్టుండి అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. సభ నడపడం చేతకాక నానా అవస్థా పడ్డాడు. ఆ అవమానం పట్టుకుని ఏళ్ల తరబడి చదివి, 1876లో సభా నియమాల మీద పుస్తకమే అచ్చు వేశాడు. యుద్ధంలో కోటలు కట్టే మనిషికే సభ అంత కష్టమైతే, మనమెంత?

ఓటు దగ్గర మూడు జాగ్రత్తలు. కోరం, అంటే నిర్ణయం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, మీటింగు మొదట్లో కాదు, ఓటు వేసే క్షణంలో లెక్కపెట్టండి. మొదట నలభై మంది ఉంటారు, మోటారు దగ్గరకొచ్చేసరికి పాతికమంది మిగులుతారు. రెండు, చేతులు ఎత్తించి ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, ఇద్దరి లెక్కా కలిశాకే రాయండి: అనుకూలం ఇంతమంది, వ్యతిరేకం ఇంతమంది, తటస్థం ఇంతమంది. ఇక మూడోది. ఏకగ్రీవం అన్న మాటను ఊరికే వాడొద్దు. "వ్యతిరేకించేవాళ్లు చేతులెత్తండి" అని పైకి అడిగి, ఒక్క చెయ్యీ లేవకపోతేనే అది ఏకగ్రీవం. మౌనం అర్ధాంగీకారమన్నది పెళ్లిచూపులకి, జనరల్ బాడీకి కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. తీర్మానం అక్కడికక్కడే, అందరూ కూర్చుని ఉండగానే పుస్తకంలో రాసి, పైకి చదివి వినిపించాలి. ఇంటికెళ్లి రాస్తానంటే నేను ఒప్పుకోను. ఇంటికెళ్లే దారిలో కనీసం ముగ్గురు మిమ్మల్ని ఆపి, "నేనన్నది అలా కాదండీ" అంటారు. వాళ్ల మాటలన్నీ మీకు తెలియకుండానే వాక్యంలోకి దూరిపోతాయి. చదివి వినిపించేటప్పుడు ఎవరైనా "ఆ అంకె తప్పు" అంటే దిద్దండి. దిద్దడమంటే తప్పును ఒక్క గీతతో కొట్టి, పైన సరైనది రాసి, పక్కన అధ్యక్షుడి పొట్టి సంతకం. తెల్ల సిరా పూశారంటే ఆ పేజీ చచ్చినట్టే. కింద మిగిలిన ఖాళీ మీద అడ్డంగా గీత గీసి, ఆ గీత కిందే అధ్యక్షుడి సంతకం, తేదీ.

ల్యాప్‌టాప్‌లో కొట్టి రాత్రికి పంపిస్తే సరిపోదా అని కుర్రాళ్లు అడుగుతారు. పంపండి, వద్దనను. కానీ అసలు ప్రతి మాత్రం కుట్టు పుస్తకంలో, చేత్తో, నల్ల సిరాతోనే ఉండాలి. పేజీల నంబర్లు కొన్న రోజే వేసుకోవాలి. విడి కాగితాల్లోంచి ఒకటి మాయమైతే ఎవరికీ తెలియదు, కుట్టు పుస్తకంలో పేజీ చింపితే దాని జోడీ పేజీ ఊడొచ్చి సాక్ష్యం చెబుతుంది. హాజరు సంతకాలు కూడా అదే పుస్తకంలో, తీర్మానాలకు ముందు పేజీలో. వాట్సాప్‌లో ముప్పై బొటనవేళ్లు లేచాయి కదా అదే ఆమోదం అనేవాళ్లతో నేను వాదించడం మానేశాను. బైలాలో బొటనవేలికి ఓటు హక్కు రాసుంటే చూపించమంటాను.

ఎవరు ఏం తిట్టారో, ఎంతసేపు మాట్లాడారో పుస్తకంలో రాయొద్దు. నిర్ణయాలు రాయండి చాలు. ఒక్క మినహాయింపు: "నా అసమ్మతి నమోదు చేయండి" అని ఎవరైనా అడిగితే, వాళ్ల పేరుతో ఒక వాక్యం తప్పక రాయాలి. రాస్తే ఆ మనిషి శాంతిస్తాడు. రాయకపోతే నాలుగేళ్లు వేధిస్తాడు.

ఐదో పని: బకాయిలు

మెయింటెనెన్స్ కట్టనివాళ్ల పేర్లు మొదటి నెలలోనే బోర్డు మీద రాసి పరువు తీయడం నాకు నచ్చదు, పనీ చేయదు. మొదట ఇంటికెళ్లి మాట, తర్వాత చీటీ, తర్వాత చిన్న జరిమానా, ఆ తర్వాతే బైలా చెప్పిన గట్టి చర్య. ఉమ్మడి అడవులూ చేపలవేట తావులూ సాగునీటి కాలువలూ జనం సొంతంగా ఎలా కాపాడుకుంటారో దశాబ్దాల పాటు పరిశీలించి, 2009లో ఆర్థిక శాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఓస్ట్రామ్ కూడా ఇదే చెప్పింది: ఎక్కువ కాలం నిలిచిన కట్టుబాట్లలో శిక్ష చిన్నగా మొదలై తప్పును బట్టి పెరుగుతుంది. జరిమానా ఎంతో కమిటీ ఇష్టం కాదు, జనరల్ బాడీ ముందే తీర్మానించి ఉండాలి. ఆ తీర్మానం పైన చెప్పినట్టే రాసి ఉండాలి. కమిటీ సభ్యుడి ఇంటి బకాయితోనే వసూలు మొదలుపెట్టండి.

ఆరో పని: అప్పగింత

పదవీకాలం రెండేళ్లు చాలు. ఒకే మనిషి మూడోసారి సెక్రటరీ కాకూడదని నా నియమం. నేను ఏడేళ్లు చేశాను నిజమే, అందుకే చెబుతున్నాను. కొత్త కమిటీ ఎన్నికైన వారంలోగా పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని జాబితా రాసుకోవాలి: పుస్తకాలు, చివరి రసీదు నంబరు, బ్యాంకు నిల్వ, చేతిలో నగదు, ఇవ్వాల్సిన బిల్లులు, లిఫ్టు ఒప్పందం గడువు, తాళాలు. రెండు ప్రతులు, రెండిటి మీదా ఇరుపక్షాల సంతకాలు. ఆ తర్వాత అందరూ లేచి నీళ్ల ట్యాంకు దాకా నడిచి, ఏ వాల్వు తిప్పితే ఏ వరస ఇళ్లకు నీళ్లు ఆగుతాయో ఒక్కొక్కటీ తిప్పి చూసి, దాని మెడకు చీటీ కట్టండి.