పీసీ ఫ్యాన్ తిరగట్లేదా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

సొంతంగా అసెంబుల్ చేసుకున్న పీసీలో ఫ్యాన్ ఆగిపోతే అందరూ ముందు ఫ్యాన్‌నే అనుమానిస్తారు. కానీ ప్లగ్ ఎక్కడ పెట్టారు, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే చోట) ఏం సెట్ చేశారు అన్నది ముందు చూడాలి. ఇంకో మాట, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు పని లేనప్పుడు ఆగి ఉండడం మామూలే. చాలా కార్డుల్లో చిప్ వేడి 50, 60 డిగ్రీలకు చేరితేగానీ అవి కదలవు. కొన్ని ఎస్ఎంపీఎస్‌ల (పీసీకి కరెంటు అందించే డబ్బాల) ఫ్యానూ అంతే. గేమ్ నడుస్తున్నా తిరగకపోతే అప్పుడు కంగారు పడండి.

పీసీ ఆపి, గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేసి, క్యాబినెట్ పక్క తలుపు తీయండి. రెక్కను వేలితో మెల్లగా తోసి చూడండి. తేలిగ్గా తిరిగి నెమ్మదిగా ఆగితే బేరింగ్ బాగానే ఉన్నట్టు. పట్టేస్తే దుమ్మో, అరిగిన బేరింగో, రెక్కలకు అడ్డుపడుతున్న వైరో.

తర్వాత ప్లగ్. ఆర్జీబీ (రంగు లైట్ల) ఫ్యాన్లకు లైట్ల వైరు వేరు, మోటారు వైరు వేరు. లైట్లు వెలిగినంత మాత్రాన మోటారుకు కరెంటు అందుతున్నట్టు కాదు. మోటారు ప్లగ్‌కు మూడు లేదా నాలుగు పిన్నులుంటాయి: గ్రౌండ్, 12 వోల్టులు, వేగం చెప్పే సిగ్నల్, నాలుగోది వేగాన్ని నియంత్రించే పీడబ్ల్యూఎం. మూడు పిన్నుల ఫ్యాన్‌ను పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉన్న హెడర్‌కు (మదర్‌బోర్డు మీద ఫ్యాన్ ప్లగ్ పెట్టే చోటు) పెడితే ఎప్పుడూ ఫుల్ స్పీడులో హోరెత్తిపోతుంది. బయోస్‌లో ఆ హెడర్‌ను డీసీ మోడ్‌కు, అంటే వోల్టేజీ మార్చి వేగాన్ని నియంత్రించే పద్ధతికి, మార్చండి. డీసీలో వోల్టేజీ మరీ తగ్గిస్తే ఫ్యాన్ స్టార్ట్ కాలేక అక్కడక్కడే వణుకుతుంది. కనీస వేగాన్ని 50, 60 శాతానికి పెంచి చూడండి.

ఇంకా తేలకపోతే మార్చి చూడడమే దారి. అనుమానం ఉన్న ఫ్యాన్‌ను వేరే హెడర్‌కు, బాగా తిరిగే ఫ్యాన్‌ను ఈ హెడర్‌కు పెట్టండి. రెండు నిమిషాల్లో దోషం ఎవరిదో తెలిసిపోతుంది. ఒకే హెడర్‌కు ఒకటికి మించి ఫ్యాన్లు కలిపే స్ప్లిటర్ వాడుతుంటే జాగ్రత్త. మామూలుగా ఒక హెడర్ 1 ఆంపియర్ వరకే ఇస్తుంది. ఒక్కో ఫ్యాన్ ఎంత తీసుకుంటుందో దాని నడుమ స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, కూడి చూసుకోండి.

ఆన్ చేయగానే 'సీపీయూ ఫ్యాన్ ఎర్రర్' అని వచ్చి ఎఫ్1 నొక్కమంటే, ఊరికే నొక్కి దాటేయకండి. కూలర్ ఫ్యాన్ తిరగట్లేదా, తిరుగుతున్నా ప్లగ్ క్యాబినెట్ ఫ్యాన్ హెడర్‌లో ఉందా చూడండి. రెండూ సరిగ్గా ఉంటే బయోస్‌లో తక్కువ వేగం హద్దు ఫ్యాన్ మామూలు వేగం కన్నా ఎక్కువ ఉండొచ్చు. హద్దు 600 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఉండి, పెద్ద ఫ్యాన్ 500తో తిరుగుతుంటే బోర్డు అది ఆగిపోయిందనే అనుకుంటుంది. హద్దును 300కు దించండి. 'ఇగ్నోర్' మాత్రం పెట్టొద్దు, నిజంగా ఫ్యాన్ చచ్చిన రోజు చెప్పేవాళ్లుండరు.

శబ్దం మాటకొస్తే, టిక్ టిక్ అంటే రెక్కకు వైరు తగులుతోంది. గరగర అంటే బేరింగ్ అరిగింది. స్టిక్కర్ కింద బేరింగ్ కనిపించే ఫ్యాన్లలో ఒకటి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్నాళ్లు లాగుతుంది. కొబ్బరినూనె వద్దు, జిడ్డుగా పేరుకుపోతుంది. వేగం క్షణానికోసారి పెరిగి తగ్గుతుంటే ఫ్యాన్ తప్పు కాదు. ప్రాసెసర్ వేడి ఒక్కసారిగా ఎగిసి పడుతుంటుంది. బయోస్‌లో స్టెప్ అప్ టైమ్ (వేడి పెరిగాక ఫ్యాన్ వేగం పెరగడానికి తీసుకునే సమయం) కొంచెం పెంచితే సర్దుకుంటుంది.

దుమ్ము ఊదేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకోండి. వదిలేస్తే అవి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ చెడుతుంది, మోటారు జనరేటర్‌లా మారి బోర్డులోకి కరెంటు తోస్తుంది. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా వేడి తగ్గట్లేదంటే గాలి ఎటు పోతోందో చూడండి. స్టిక్కర్, అడ్డ కమ్మీలు ఉన్న వైపు నుంచే గాలి బయటకు వస్తుంది. ముందువి లోపలికి, వెనకది బయటికి ఊదాలి. ప్రాసెసర్‌తో పాటే వచ్చే ఇంటెల్ స్టాక్ కూలర్ అయితే నాలుగు మూలల పిన్నుల్లో ఒకటి ఊడిందేమో కదిపి చూడండి. ఊడి ఉంటే కూలర్ తీసి, పాత థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసేది) తుడిచి, కొత్తది బఠానీ గింజంత పెట్టి మళ్లీ బిగించండి. పిన్నులు ఎదురెదురు మూలలుగా నొక్కాలి.

కొత్తది కొనాల్సే వస్తే స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు అది 105 ఉంటుంది.